లీగ్ పేరు ఒక్కరికే అమ్మితే ఆటకు ఏమవుతుంది?

(గేమ్ డిజైన్ చదువుతున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ పక్క రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి. కూర్చుని వినండి, కాసేపు పడుతుంది.

పియెమోంటె కాల్చో. ఈ పేరు తెలిసినవాళ్లు చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. 2019లో ఈఏ కంపెనీ చేసిన ఫిఫా 20 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్ కొనుక్కుని ఇటలీ లీగ్ తెరిచినవాళ్లకు యువెంటస్ కనబడలేదు. రొనాల్డో ఉన్నాడు, దిబాలా ఉన్నాడు, ముఖాలు అచ్చం వాళ్లవే. జట్టు పేరు మాత్రం పియెమోంటె కాల్చో. చిహ్నం వేరు, జెర్సీ వేరు. ఎందుకంటే ఆ జూలైలో కొనామి కంపెనీ యువెంటస్‌తో ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం కుదుర్చుకుంది. ఆ క్లబ్ పేరూ చిహ్నమూ కొనామి వాళ్ల సొంత ఫుట్‌బాల్ గేమ్ పెస్‌లోనే ఉండాలి. ఇంకెక్కడా ఉండకూడదు.

ఇంకెక్కడా ఉండకూడదు. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఈ షరతు గురించే.

ఆ తర్వాత ఏమైంది? రోమా అటు వెళ్లింది. లాజియో, అటలాంటా, నాపోలీ వెళ్లాయి. ఫిఫా 23 నాటికి యువెంటస్ తిరిగొచ్చింది, కానీ అప్పటికి నాపోలీ లేదు. ఆ ఫిఫా గేమే పేరు మార్చుకుని ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 25గా వచ్చేసరికి మిలాన్ నగరంలోని రెండు పెద్ద క్లబ్బుల పేర్లూ మారిపోయాయి. ఇంటర్ కాస్తా లొంబార్దియా ఎఫ్‌సీ, ఏసీ మిలాన్ కాస్తా మిలానో ఎఫ్‌సీ. ఒక ఏడాది గేమ్‌లో ఉన్న క్లబ్ మరుసటి ఏడాది ఉంటుందో లేదో కొనేవాడు చెప్పలేడు.

ఇటు పక్క చూస్తే ఇంకా పాత కథ. పెస్ ఆడి పెరిగినవాళ్లు ఇక్కడ ఉంటారు. మ్యాన్ రెడ్ గుర్తుందా? మెర్సీసైడ్ రెడ్? లండన్ ఎఫ్‌సీ? మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, చెల్సీ అన్నమాట. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ హక్కులు ఈఏ చేతిలో ఉన్నాయి కాబట్టి కొనామి వాళ్లకు ఈ తిప్పలు. జర్మనీ బుండెస్‌లీగా అయితే పెస్‌లో ఏళ్ల తరబడి లేనే లేదు. అప్పుడు అభిమానులు ఏం చేశారు? ఆప్షన్ ఫైళ్లు తయారు చేశారు. ప్రతి జెర్సీ, ప్రతి చిహ్నం, ప్రతి పేరు చేత్తో దిద్ది, పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ప్లేస్టేషన్‌లోకి ఎక్కించుకున్నారు. రూపాయి తీసుకోకుండా ఊరందరికీ పంచారు. ఆ ప్రేమ చూస్తే ముచ్చటేస్తుంది, ఆ అవస్థ చూస్తే బాధా వేస్తుంది. డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో మిగిలిపోయిన పని కొన్నవాళ్లే ఎందుకు చేసుకోవాలి?

ఒక మాట ముందే స్పష్టం చేస్తాను. లైసెన్స్ తీసుకోవడం తప్పని నేను అనడం లేదు. క్లబ్ తన పేరు మీద, చిహ్నం మీద డబ్బు తీసుకోవడం న్యాయం. ఆటగాడు తన ముఖానికి డబ్బు అడగడం ఇంకా న్యాయం. నా అభ్యంతరం ఎక్స్‌క్లూజివ్ అన్న దాని మీద. మామూలు లైసెన్స్‌కు కట్టే డబ్బు 'నేను వాడుకుంటాను' అన్నందుకు. ఎక్స్‌క్లూజివ్ కోసం అదనంగా కట్టే డబ్బు 'పక్కవాడు వాడుకోకూడదు' అన్నందుకు. ఆ అదనపు డబ్బుతో గేమ్‌లో ఒక్క పాస్ మెరుగుపడదు, ఒక్క గోల్‌కీపర్ తెలివిమీరడు.

మన ఊళ్లలో చెరువు చేపలకు వేలంపాట పెడతారు కదా. పాట పాడుకున్నవాడు చేపలు పడతాడు, మిగతావాళ్లు గట్టు మీద నిలబడతారు. పంచాయతీకి ఒకేసారి డబ్బు వస్తుంది. అక్కడ ఆ పద్ధతికి ఒక కారణం ఉంది. చెరువులో చేపను ఒకడు పట్టాక ఇంకొకడికి అది ఉండదు. లీగ్ పేరు అలాంటిది కాదు. పది గేములు వాడుకున్నా ప్రీమియర్ లీగ్ పేరు ఇసుమంత తరగదు. తరగని దాన్ని తరిగేదానిలా వేలం వేస్తున్నారు, అదీ నా బాధ.

సరే, అసలు ఈ హక్కులు ఎవరివి? ఒక్క మ్యాచ్ తెర మీదికి రావాలంటే ఎంతమందిని అడగాలి? లీగ్ పేరు, ట్రోఫీ లీగ్‌వి. చిహ్నం, జెర్సీ క్లబ్‌వి. స్టేడియం ఒక్కోసారి విడిగా అమ్ముతారు. బార్సిలోనా క్యాంప్ నౌ స్టేడియాన్ని కొన్నేళ్లు కొనామి ఒక్కరికే ఇచ్చారు, ఫిఫాలో బార్సిలోనా ఆటగాళ్లు ఉన్నారు కానీ సొంత మైదానం లేదు. ఆటగాళ్ల పేర్లు, ముఖాలు చాలావరకు ఫిఫ్‌ప్రో అనే ఆటగాళ్ల సంఘాల సమాఖ్య ద్వారా గుత్తగా అమ్ముడవుతాయి.

ఇక్కడ ఆటగాళ్లు చాలాసార్లు తిరగబడ్డారు. జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్ తన అనుమతి లేకుండా 2002 ప్రపంచకప్ గేమ్‌లో తనను పెట్టారని ఈఏ మీద హాంబర్గ్ కోర్టుకు వెళ్లి గెలిచాడు. 2020 నవంబర్‌లో ఇబ్రహీమోవిచ్ నా పేరు, నా ముఖం వాడుకోవడానికి వీళ్లకు ఎవరు అనుమతి ఇచ్చారని ట్విట్టర్‌లో బహిరంగంగా అడిగాడు. గారెత్ బేల్ గొంతు కలిపాడు. బ్రెజిల్‌లో ఆటగాళ్ల హక్కులు ఒకచోట గుత్తగా దొరకవు, ఒక్కొక్కరితో మాట్లాడుకోవాలి. అందుకే ఫిఫా గేముల్లో బ్రెజిల్ క్లబ్బులు ఉన్న ఏడాది కూడా వాటిలో ఆడేది ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు. ఈ గొడవలన్నీ వినడానికి చిక్కుగా ఉంటాయి, నిజమే. కానీ నాకు ఇందులో ఒక మంచి కూడా కనబడుతుంది. హక్కులు చాలామంది చేతుల్లో ఉన్నంతకాలం ఎవరూ మొత్తం ఆటను మూటగట్టుకు పోలేరు. ఒకే చేతిలో ఉంటే? అప్పుడు ఏమవుతుందో చూడాలంటే అమెరికా వెళ్లాలి.

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది వేరే ఆట. బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. అక్కడ ఉంటున్న మన చుట్టాల పిల్లలు ఆదివారం టీవీ ముందు కూర్చునేది దానికే. ఆ లీగ్ పేరు ఎన్ఎఫ్ఎల్, 32 జట్లు. లైసెన్స్ కావాలంటే ఆ 32 జట్ల తరఫున లీగ్ మాట్లాడుతుంది, ఆటగాళ్ల తరఫున వాళ్ల సంఘం మాట్లాడుతుంది. రెండే తలుపులు. రెండు తాళంచెవులు ఒకడి చేతికి వస్తే పని అయిపోయింది.

2004 సంగతి. ఎన్ఎఫ్ఎల్ గేముల్లో రాజు ఈఏ వాళ్ల మాడెన్. ధర 50 డాలర్లు. దానికి ఎదురు నిలిచింది విజువల్ కాన్సెప్ట్స్ అనే స్టూడియో చేసిన, సెగా వాళ్ల ఈఎస్‌పీఎన్ ఎన్ఎఫ్ఎల్ 2కే5. ఆ ఏడాది వాళ్లు ఏం చేశారో తెలుసా? గేమ్‌ను 20 డాలర్లకు పెట్టారు. 50 డాలర్ల గేమ్ పక్కన 20 డాలర్ల గేమ్! అదీ నాసిరకం కాదు. టీవీ ప్రసారం చూస్తున్నట్టే ఉండే గేమ్, విమర్శకులు కూడా మెచ్చిన గేమ్. మాడెన్ ఏం చేసింది? అదే సీజన్‌లో ధరను 30 డాలర్లకు దించింది. పోటీ అంటే ఇదీ. ఒకడు ధర తగ్గించాడు, రెండోవాడు తగ్గించక తప్పలేదు. కొనేవాడికి రెండు మంచి గేములు, రెండూ చవక.

ఆ సుఖం ఎన్నాళ్లు ఉంది? 2004 డిసెంబర్ 13న ఈఏ ఒక ప్రకటన చేసింది. ఎన్ఎఫ్ఎల్‌తోనూ, ఆటగాళ్ల సంఘంతోనూ ఐదేళ్ల ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం. జట్లు, స్టేడియంలు, ఆటగాళ్లు, అన్నీ. తర్వాతి నెలలో ఈఎస్‌పీఎన్ పేరు కూడా 15 ఏళ్లకు తీసుకున్నారు. అంటే ఎదుటివాడి గేమ్‌కు లీగ్ పోయింది, గేమ్ పేరులో ఉన్న ఛానల్ కూడా పోయింది. మరుసటి ఏడాది మాడెన్ ధర ఎంత? మళ్లీ 50 డాలర్లు.

సెగా ఆ స్టూడియోను టేక్-టూ అనే గేమ్ కంపెనీకి 2.4 కోట్ల డాలర్లకు అమ్మేసింది. ఆ స్టూడియో పట్టు వదలకుండా 2007లో రిటైరైన పాత ఆటగాళ్లతో, కల్పిత జట్లతో ఆల్ ప్రో ఫుట్‌బాల్ 2కే8 చేసింది. జనం పెద్దగా కొనలేదు. ఎందుకు కొంటారు చెప్పండి? అభిమానికి తన జట్టు కావాలి. ఎంత బాగా ఆడే గేమ్ అయినా, తన ఊరి జట్టు లేకపోతే పక్కన పెడతాడు. 2కే5ను మాత్రం అభిమానులు ఈనాటికీ వదల్లేదు. 2004 నాటి గేమ్‌లో కొత్త ఆటగాళ్ల పేర్లు ఎక్కించుకుని ఆడుతున్నారు. ఇరవై ఏళ్లు దాటిపోయాయి!

ఇక్కడ టేక్-టూ కూడా మంచివాడేమీ కాదని చెప్పాలి, లేకపోతే నేను అన్యాయం చేసినవాణ్ణవుతాను. 2005లో వాళ్లు బేస్‌బాల్ లీగ్ హక్కులు అలాగే పట్టుకున్నారు. ప్లేస్టేషన్ లాంటి కన్సోల్ తయారీదారులు తప్ప ఇంకే ప్రచురణకర్తా ఆ లీగ్ గేమ్ చేయకూడదని షరతు. దాంతో ఈఏ వాళ్ల ఎంవీపీ బేస్‌బాల్, జనం ఎంతో ఇష్టపడ్డ గేమ్, ఆగిపోయింది. కాబట్టి ఇది ఒక కంపెనీ దుర్మార్గం కథ కాదు. అమ్మకానికి పెడితే ఎవరైనా కొంటారు. అమ్మకానికి పెట్టింది ఎవరు? లీగ్.

కోర్టుకు వెళ్లలేదా అంటే, వెళ్లారు. 2008లో కాలిఫోర్నియాలో వినియోగదారుల తరఫున దావా పడింది, ఈ ఒప్పందాల వల్ల ధరలు పెరిగాయని. 2012లో ఈఏ 2.7 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. కాలేజీ ఫుట్‌బాల్, అరీనా ఫుట్‌బాల్ హక్కులను కొన్నేళ్లు ఎక్స్‌క్లూజివ్‌గా తీసుకోనని ఒప్పుకుంది. మరి అసలు ఎన్ఎఫ్ఎల్? దాన్ని ఆ రాజీ ముట్టుకోలేదు. పెద్ద చేప అలాగే ఉండిపోయింది.

మధ్యలో 2010లో ఇంకో ముఖ్యమైన తీర్పు వచ్చింది. టోపీలు చేసే అమెరికన్ నీడిల్ అనే కంపెనీ ఎన్ఎఫ్ఎల్ మీద వేసిన కేసు. లీగ్ టోపీల హక్కులన్నీ రీబాక్‌కు ఇచ్చేసింది. మేమంతా ఒకే సంస్థ, మా ఇష్టం అని లీగ్ వాదించింది. అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా కాదన్నారు. 32 జట్లు విడివిడి వ్యాపారాలు, అవి కూడబలుక్కుని హక్కులు అమ్మితే పోటీ చట్టం కింద పరిశీలించవచ్చు అన్నారు. తీర్పు టోపీల మీదే అయినా తర్కం గేములకూ వర్తిస్తుందని నా అభిప్రాయం. లా చదివే మిత్రులు ఎవరైనా ఉంటే ఆ తీర్పు తప్పకుండా చదవండి.

అయినా 2020లో ఎన్ఎఫ్ఎల్ మళ్లీ ఈఏకే పొడిగించింది. అంతకు కొద్ది నెలల ముందు టేక్-టూ వాళ్ల 2కేకు కూడా ఒక లైసెన్స్ ఇచ్చింది. ఏమని? సిమ్యులేషన్ కాని గేములు మాత్రమే చేసుకోమని. అసలైన ఆటలాంటి ఆట ఒకరికి, సరదా ఆటలు ఇంకొకరికి. చూశారా, ఏ రకం గేమ్ చేయాలో కూడా ఒప్పందమే నిర్ణయిస్తోంది. గేమ్ డిజైన్ చదివే మీకు ఇది కోపం తెప్పించాలి. నాకైతే తెప్పిస్తుంది.

ఇప్పుడు మీలో ఒకరు లేచి అడగవచ్చు. అందరికీ ఇస్తే మాత్రం పోటీ ఉంటుందన్న గ్యారంటీ ఏమిటి? మంచి ప్రశ్న. దానికి బాస్కెట్‌బాల్ చూడండి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2005లో తన హక్కులు ఒక్కరికి ఇవ్వకుండా చాలా కంపెనీలకు ఇచ్చింది. ఏమైంది? కొన్నేళ్లలో టేక్-టూ వాళ్ల ఎన్‌బీఏ 2కే అందర్నీ దాటేసింది. ఈఏ 2010లో తన ఎన్‌బీఏ ఎలీట్ 11ను విడుదలకు ముందే ఆపేసింది. తర్వాత మళ్లీ ప్రయత్నించి, 2018లో ఎన్‌బీఏ లైవ్ 19తో కన్సోళ్ల మీద ఆగిపోయింది. అంటే అక్కడా చివరికి ఒక్కటే మిగిలింది. నిజమే, దాచను. కానీ తేడా గమనించండి. అక్కడ 2కే గెలిచింది మైదానంలో. ఆడేవాళ్లు ఎంచుకున్నారు. రేపు ఎవరైనా ఇంకా మంచి గేమ్ చేయగలిగితే లీగ్ పేరు దొరికే దారి ఉంది. మాడెన్ ముందు ఆ దారి లేదు.

మళ్లీ మన ఫుట్‌బాల్‌కు వద్దాం. ఛాంపియన్స్ లీగ్ హక్కులు పదేళ్లు కొనామి దగ్గర ఉన్నాయి. 2018లో అవి ఈఏకు వెళ్లాయి. 2021లో పెస్ పేరు మార్చుకుని ఈఫుట్‌బాల్ అయింది, ఉచితంగా వచ్చింది, అతుకుల బొంతలా వచ్చింది, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేమ్ స్టోర్‌లో తిట్లు తిన్నది. కొనామి పతనమంతా లైసెన్సుల వల్లే అంటే అబద్ధమవుతుంది, ఆ విడుదల వాళ్ల సొంత వైఫల్యం. కానీ ఒక్కో లీగ్ ఒక్కో ఏడాది చేజారిపోతుంటే గేమ్ మీద పదేళ్ల పెట్టుబడి పెట్టే ధైర్యం ఏ కంపెనీకి ఉంటుంది?

ఇంతలో అందరూ ఆశ్చర్యపోయిన సంగతి ఒకటి జరిగింది. గేమ్‌కు తన పేరు ఇచ్చిన ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా, ఆ గేమ్ చేసే ఈఏ 1993 నుంచి కలిసున్నాయి, అవి విడిపోయాయి. న్యూయార్క్ టైమ్స్ రాసిన ప్రకారం నాలుగేళ్లకు 100 కోట్ల డాలర్లకు పైగా, అంటే అంతకు ముందు ఇచ్చేదానికి రెట్టింపుకు మించి, ఫిఫా అడిగింది. డబ్బు ఒక్కటే కాదు, ఎక్స్‌క్లూజివ్ ఎంతవరకు అన్నదీ తగాదానే. 2022 మేలో విడిపోతున్నట్టు ప్రకటించారు. 2023 సెప్టెంబర్‌లో ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24 వచ్చింది. 19,000 మందికి పైగా ఆటగాళ్లు, 700కు పైగా జట్లు, 30కి పైగా లీగ్‌లు ఉన్నాయని కంపెనీ చెప్పింది. ఫిఫా పేరు పోతే ఏం పోయింది? పేరు, ప్రపంచకప్. ఆటగాళ్లు, లీగ్‌లు, క్లబ్బులు ఫిఫావి కావు కదా! ఆ ఒప్పందాలు ఈఏ విడివిడిగా ఎప్పటి నుంచో కట్టుకుంటూ వచ్చింది. ఫిఫా 2024లో తన ఈ-ప్రపంచకప్‌ను కొనామి ఈఫుట్‌బాల్ మీద నడుపుకుంది.

స్పెయిన్ లీగ్ పేరే ఇప్పుడు లాలీగా ఈఏ స్పోర్ట్స్. 2023-24 సీజన్ నుంచి. ఒకప్పుడు గేమ్ లీగ్ పేరు అరువు తెచ్చుకునేది, ఇప్పుడు లీగ్ తన పేరు పక్కన గేమ్ పేరు రాసుకుంటోంది.

ఈ డబ్బంతా ఎక్కడి నుంచి వస్తోంది? అల్టిమేట్ టీమ్. గేమ్ లోపల డబ్బు పెట్టి కొనుక్కునే ఆటగాళ్ల కార్డుల ప్యాకెట్లు. 2021 ఆర్థిక సంవత్సరంలో ఫుట్‌బాల్, మాడెన్, హాకీ గేముల అల్టిమేట్ టీమ్‌ల మీద ఈఏకు 160 కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది, కంపెనీ ఆదాయంలో నాలుగో వంతుకు మించి. ఊరూ పేరూ లేని ఆటగాడి కార్డుకు ఎవరూ డబ్బు పెట్టరు. ఎంబాపే కార్డుకు పెడతారు. అందుకే అసలు పేర్ల విలువ అంత పెరిగింది, వాటిని పక్కవాడికి దక్కకుండా చేసే తొందరా పెరిగింది.

ఇక మన సంగతి. ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ వచ్చింది, 11 క్లబ్బులతో. అందులో హైదరాబాద్ ఎఫ్‌సీ ఉంది. పసుపు జెర్సీ వేసుకుని మన ఊరి జట్టు ఆ గేమ్‌లో పరిగెత్తింది. అదే సీజన్‌లో, 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి నిజంగానే ఛాంపియన్ అయింది. ఆ రోజుల్లో ఇక్కడి పిల్లలు రియల్ మాడ్రిడ్‌ను వదిలి హైదరాబాద్‌తో ఆడారంటే నాకు ఎంత సంతోషమో చెప్పలేను. లైసెన్స్ చేసే మేలు ఇది, దాన్ని నేను ఎప్పుడూ కాదనను. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, అది వేరే బాధ.

మన ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో తన వాణిజ్య హక్కులన్నీ 15 ఏళ్లకు ఒకే పక్షానికి ఇచ్చింది, 700 కోట్ల రూపాయలకు. అది 2025 డిసెంబర్‌లో ముగిసింది. ముగిసేలోపు కొత్త ఏర్పాటు కుదరక సీజనే సమయానికి మొదలవలేదు. ఒక్కరి మీదే ఆధారపడితే ఎలా ఉంటుందో మన కళ్ల ముందే చూశాం.

నేను అడిగేది ఎక్కువేమీ కాదు. కొత్త హక్కులు రాసుకునేటప్పుడు వీడియో గేముల హక్కును టీవీ ప్రసారంతో కలిపి మూటగట్టవద్దు. విడిగా పెట్టండి. ఎవరు అడిగినా ఒకే రేటుకు ఇవ్వండి. పెద్ద కంపెనీ పెద్ద గేమ్ చేసుకుంటుంది, చేసుకోనివ్వండి. ఇదే హైదరాబాద్‌లో నలుగురు కుర్రాళ్లు, నలుగురు ఆడపిల్లలు కలిసి ఫోన్‌లో ఆడే చిన్న ఫుట్‌బాల్ గేమ్ చేస్తే, దాంట్లో మోహన్ బగాన్ పేరు మోహన్ బగాన్ అనే రాసుకోనివ్వండి. అమ్మిన కాపీల మీద వాటా తీసుకోండి. ముందే కోట్లు కట్టమంటే వాళ్ల వల్ల కాదు.

ఇక మీరు. రేపు మీలో కొందరు ఇలాంటి కంపెనీల్లో చేరతారు. ఈఏకు ఈ ఊళ్లోనే ఆఫీసు ఉంది. ఒప్పందాలు మీ చేతిలో ఉండవు, తెలుసు. కానీ సొంతంగా స్టూడియో పెట్టుకునేవాళ్లు లీగ్ ముందు కూర్చున్న రోజున ఆ కాగితంలో మూడు సంగతులు చూసుకోండి. హక్కు ఎన్నేళ్లు, ఏ రకం గేముకు, గడువు ముగిశాక పాత గేమ్ అమ్మవచ్చా లేదా. ఈ మూడోది చాలామంది చూసుకోరు. లైసెన్స్ గడువు తీరిపోయి ఎన్నో మంచి ఫుట్‌బాల్ గేములు ఆన్‌లైన్ స్టోర్ల నుంచి మాయమయ్యాయి, ఇప్పుడు డబ్బిస్తామన్నా కొత్తగా కొనలేం. ఎక్స్‌క్లూజివ్‌గా ఇస్తామని వాళ్లే అంటే, వద్దు, అందరితో పాటే ఇవ్వండి, రేటు తగ్గించండి అని అడగండి. చిన్న స్టూడియోకు ఆ మిగిలిన డబ్బుతో ఇంకో ప్రోగ్రామర్ వస్తాడు.

నాకు ఇచ్చిన సమయం అయిపోయినట్టుంది. ప్రశ్నలు ఉంటే అడగండి. మైకు అటు చివర వాలంటీర్ దగ్గర ఉంది, ముందు ఆ వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయికి ఇవ్వండి.